ఏం నొక్కావు?

మనిళ్లల్లో ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క ప్రశ్న ఉంటుంది. మా అమ్మమ్మ రోజుల్లో పాలు విరిగితే "ఏం కలిపావు?" అని అడిగేవాళ్లు. మా అమ్మ రోజుల్లో రేషను కార్డు కనిపించకపోతే "ఎక్కడ పెట్టావు?" అనేవాళ్లు. ఇప్పుడు మా రోజుల్లో ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా "ఏం నొక్కావు?" అంటున్నారు. ఈ మూడు ప్రశ్నల్లోనూ ఒక తమాషా ఉంది. మూడింట్లోనూ తీర్పు ముందే అయిపోయింది, విచారణ మాత్రమే మిగిలింది. పాలు వాటంతటవి విరగవు, కార్డు దానంతటది పోదు, యంత్రం దానంతటది ఆగదు. చివరగా అక్కడ ఎవరి చెయ్యి కనిపించిందో ఆ చేతిదే తప్పు. ఆ చేతికి సాధారణంగా గాజులుంటాయని మీకు నేను వేరే చెప్పాలా?

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్లు ఊరికే అనలేదు. కుండ పగలడం ఒకటే. పగలగొట్టిన మనిషిని బట్టి కుండ వయస్సు మారిపోతూ ఉంటుంది.

ఈ సంగతి ఇంతగా ఆలోచించవలసి రావడానికి కారణం మా పెద్దాడపడుచు లాప్‌టాప్. ఆవిడకి అరవై ఆరేళ్లు. సంగీతం టీచరుగా రిటైరయి కాకినాడలో ఉంటోంది. శని ఆదివారాలు తెల్లవారి ఆరున్నరకల్లా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూచుంటుంది. అమెరికాలో డాలస్‌లో ఉన్న నలుగురు తెలుగుపిల్లలకి పాఠం. ఇక్కడ తెల్లారేసరికి అక్కడ ముందురోజు రాత్రి భోజనాల వేళ. సరళీ వరసలు అయిపోయి జంట వరసలకి వచ్చారు. నెలకి వాళ్లిచ్చే డబ్బు మాట అలా ఉంచండి, ఆ రెండు పూటలే ఆవిడకి వారానికంతటికీ ప్రాణం.

ఒక శనివారం పొద్దున్న యంత్రం తెరిచేసరికి బొమ్మలున్నాయి, ధ్వని లేదు. నలుగురు పిల్లలూ తెరమీద నోళ్లు కదుపుతున్నారు, చేతుల్తో తాళం వేస్తున్నారు. ఒక్క అక్షరం వినిపించదు. ఈవిడ మాట మాత్రం వాళ్లకి వెడుతోంది. "తాళం తప్పుతోందా లేదా అన్నది కళ్లతో చూశానే గాని, శ్రుతిలో ఉన్నారో లేదో దేవుడికెరుక" అని తర్వాత నాతో చెప్పింది. పావుగంట అలా అవస్థపడి, ఫోనులో ఆ నాలుగంగుళాల తెరమీద ఎలాగో పాఠం ముగించింది.

ఆ తర్వాత మొదలయింది విచారణ. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఫోను చేస్తే వాడి మొదటి మాట, "ఏం నొక్కావమ్మా?" అని. పేపరు చదువుకుంటున్న అన్నయ్యగారు తల ఎత్తకుండానే, "దాన్ని అస్తమానం కెలకొద్దని నేను ముందే చెప్పాను" అన్నారు. ఆయన ఎప్పుడు చెప్పారో ఆవిడకి జ్ఞాపకం లేదు. ఆటోలో బజారుకి తీసుకెళ్తే రిపేరు షాపులో కుర్రాడు కూడా అదే మాట, కాకపోతే మర్యాదగా "ఏం నొక్కారాంటీ?" అన్నాడు. స్పీకర్లు పోయాయి, మార్చాలి, రెండున్నర వేలవుతుంది అని కూడా అన్నాడు. ఆవిడ యంత్రం చంకన పెట్టుకుని తిరిగొచ్చేసింది.

నిజానికి ఆవిడేం నొక్కలేదు. ముందు రాత్రి పదకొండున్నరకి ఆపబోతే యంత్రం తనంతట తనే ఏదో తిప్పుకుంటూ కూచుంది. "మార్పులు జరుగుతున్నాయి, ఆపవద్దు" అని తెరమీద రాసుకుంది. ఆవిడ ఆపలేదు. మర్యాదస్తురాలు కనక లేచి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి ఇదీ సంగతి.

ఆ సాయంత్రం కిందివాటాలో ఉంటున్న పాలిటెక్నిక్ చదివే పిల్ల వచ్చి చూసింది. ఆ పిల్ల మొదటి ప్రశ్న వేరు. "రాత్రి దీన్లో ఏమైనా మారిందా మామ్మగారూ?" అంది. చూశారా తేడా! ముందు ఇయర్‌ఫోను పెట్టి చూసింది. అందులోనూ ధ్వని లేదు. అంచేత పోయింది స్పీకర్లు కావు. తర్వాత రాత్రి ఏవేం వచ్చి చేరాయో యంత్రం దాచుకున్న జాబితా తీసింది. అందులో ధ్వనికి సంబంధించిన ఒక కొత్త డ్రైవరు కనిపించింది. దాన్ని తీసేసి పాతదాన్ని వెనక్కి పిలిచింది. పది నిమిషాల్లో యంత్రం గొంతు విప్పింది. "మీరేం చెయ్యలేదు మామ్మగారూ, ఇదంతా అదే చేసుకుంది" అని చెప్పి, ఇచ్చిన జంతికలు తిని వెళ్లిపోయింది.

ధ్వని వచ్చినందుకు కన్నా ఆ ఒక్క మాటకి వదిన ఎక్కువ సంతోషపడింది. వెంటనే కొడుక్కి ఫోను చేసి, "విన్నావుట్రా, నేనేం నొక్కలేదుట!" అంది. వాడు, "సరేలే అమ్మా, వచ్చిందిగా" అన్నాడు.

ఈ "వచ్చిందిగా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ కంపెనీ ఏదో చెప్పను, చెప్పి లాభం లేదు. ఒకరి పేరు చెబితే మరొకరు మురిసిపోతారు గాని, ఈ తంతు అందరి యంత్రాల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. మనం అడక్కుండా, మన మంచి కోసమే అని, మన నిద్రలో ఒకరు వచ్చి ఒక మార్పు చేసి వెళ్లిపోతే, ఆ మార్పువల్ల కలిగిన నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

అది తేల్చుకోవాలంటే అసలు ఈ ధ్వని ఎలా పుడుతుందో కాస్త తెలుసుకోవాలి. భయపడకండి, ఇది మనకి అర్థంకాని విషయమేమీ కాదు. యంత్రంలో పాట పాటలా ఉండదు, అంకెల్లా ఉంటుంది. మనం ఒకప్పుడు కొనుక్కున్న సీడీల్లో అయితే ఒక్కొక్క సెకను పాటకీ ఒక్కో వైపు 44,100 అంకెలు. ఆ అంకెల్ని కరెంటు అలలుగా మార్చే చిన్న చిప్పు ఒకటి యంత్రం లోపల ఉంటుంది. ఆ అలలు స్పీకర్లోని పొరని ఆడిస్తే గాలి కదిలి మన చెవికి పాట అవుతుంది. చిప్పుల్ని తయారుచేసేవాళ్లు చాలామంది. ఎవరి చిప్పుకి వాళ్ల భాష. యంత్రాన్నంతా నడిపించే పెద్ద వ్యవస్థ, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారే, దానిది మరో భాష. ఈ ఇద్దరికీ మధ్య ఒక చిన్న ప్రోగ్రాము కూచుని ఆ మాట ఇటూ, ఈ మాట అటూ చెబుతూ ఉంటుంది. దానికే డ్రైవరని పేరు పెట్టారు. డ్రైవరు అనగానే మనకి ఆర్టీసీ బస్సు గుర్తొస్తుంది గాని, నన్నడిగితే దాన్ని దుబాసీ అనాలి.

దుబాసీ అంటే మనకి కొత్తా? కంపెనీ దొరల కాలంలో మద్రాసంతా దుబాసీల చేతిమీదుగానే నడిచింది. 1830లో మద్రాసునుంచి బయలుదేరి కాశీకి వెళ్లి, 1831లో తిరిగొచ్చి, ఆ ప్రయాణమంతా తెలుగులో రాసిపెట్టిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అక్కడి సుప్రీం కోర్టులో పెద్ద దుబాసీయే. ఆయనలాంటివారు ఉన్నంతకాలం ఫరవాలేదు. కాని ఒక్కసారి ఆ కుర్చీలో భాష రాని మనిషిని కూచోబెట్టారనుకోండి. సాక్షి నిజమే చెబుతాడు, జడ్జీ ధర్మాత్ముడే, ముద్దాయి నిర్దోషే, అయినా శిక్ష పడిపోతుంది. వదిన లాప్‌టాప్‌లో జరిగింది సరిగ్గా అదే. స్పీకర్లు బావున్నాయి, చిప్పు బావుంది, డాలస్ పిల్లల గొంతులూ బావున్నాయి. రాత్రికి రాత్రి దుబాసీ మారిపోయాడు.

ఈ ముక్క తెలిస్తే మీరు రెండున్నర వేలు పోసి స్పీకర్లు మార్పించరు. అప్‌డేట్ అయ్యాక ధ్వని పోతే కంగారుపడకుండా ముందు అది ఎటు వెడుతోందో చూడండి. ఒక్కోసారి అది పోదు, దారి మారుతుంది. మన టీవీకి తగిలించిన కేబుల్లోకో, పక్కగదిలో ఉన్న బ్లూటూత్ పెట్టెలోకో పోతూ ఉంటుంది, పోస్టు పక్కింటికి వెళ్లినట్టు. విండోస్ ఉన్న యంత్రమైతే మూలనున్న స్పీకరు బొమ్మ దగ్గర ఆ దారి సరిచేసుకోవచ్చు. అక్కడ అంతా సరిగానే ఉంటే డివైస్ మేనేజర్ అనే చోటికి వెళ్లి, ధ్వని పరికరం పేరు మీద నొక్కి, డ్రైవరు అన్న పేజీ తీస్తే "రోల్ బ్యాక్ డ్రైవర్" అని ఒక మీట ఉంటుంది. అది పాత దుబాసీని మళ్లీ కొలువులోకి పిలుస్తుంది. పాతవాడి చిరునామా యంత్రం దాచి ఉంచకపోతే ఆ మీట పాలిపోయి ఉంటుంది, నొక్కినా పలకదు. అప్పుడు ఆ పరికరం పేరు అక్కడినుంచి తొలగించి యంత్రాన్ని ఆపి మళ్లీ తెరిస్తే చాలాసార్లు తనే సరైనవాణ్ణి వెతికి తెచ్చుకుంటుంది. అదీ కాకపోతే లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీవాళ్ల దగ్గరే ఆ మోడలుకి తగిన డ్రైవరు దొరుకుతుంది. ఈ పనులన్నీ పప్పులో పోపు పెట్టినంత తేలికని నేననను. మిషను కుట్టు నేర్చుకున్న వాళ్లకి మాత్రం కష్టం కాదు.

సరే, మళ్లీ ధర్మసందేహంలోకి వద్దాం.

ఇలాంటిది ఊహించి చెబుతున్నది కాదు. 2018 అక్టోబరులో ప్రపంచంలో చాలామందికి జరిగింది. మైక్రోసాఫ్ట్ ఆ నెల మొదట్లో విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది. అది వేసుకున్న కొందరికి తాము దాచుకున్న ఫైళ్లే మాయమయ్యాయి. కొద్దిరోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ విడుదల చేశారు. అదే అక్టోబరులో ఇంటెల్ వాళ్ల ధ్వని డ్రైవరు ఒకటి పొరపాటున కొన్ని యంత్రాలకి వెళ్లిపోయింది. ఆ యంత్రాలు మూగబోయాయి. పొరపాటున పంపామని కంపెనీయే ప్రకటించి, ఆ డ్రైవరుని తొలగించే మరో అప్‌డేట్ పంపింది. బాగానే ఉంది, ఒప్పుకున్నారు, దిద్దుకున్నారు. కాని ఆ ప్రకటన వచ్చేలోగా ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది "ఏం నొక్కావు?" అనిపించుకుని ఉంటారు? ప్రకటన వెలువడ్డాక ఎంతమంది వెళ్లి, "పాపం, నువ్వు కాదులే" అని చెప్పి ఉంటారు? యంత్రానికి దిద్దుబాటు పంపారు. మాటపడ్డవాళ్లకి ఎవరు పంపుతారు?

"అడక్కుండా మనింట్లో చెయ్యి పెట్టడానికి వాళ్లెవరండీ?" అని మా వదిన కోపం. న్యాయమైన కోపమే. 2015 జూలైలో విండోస్ 10 వచ్చినప్పుడు ఇళ్లల్లో వాడుకునే హోమ్ రకానికి ఈ అప్‌డేట్లు వద్దనే వీలు పెట్టలేదు. 2019లో గాని, వారం చొప్పున మొత్తం 35 రోజులదాకా వాయిదా వేసుకునే వీలు రాలేదు. అంటే డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువులోకి అమ్మినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చన్నమాట. పూర్వం గ్రైండరు కొంటే అది మనదే. కంపెనీవాడు అర్ధరాత్రి వచ్చి రాయి మార్చి వెళ్లేవాడు కాదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అవతలివైపు కూడా బలమైన వాదన ఉంది. 2017 మే 12న వన్నాక్రై అని ఒక పురుగు ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్లలోకి దూరి ఫైళ్లన్నిటికీ తాళాలు వేసి, డబ్బిస్తేనే తీస్తానంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానికి మందు, అంటే అప్‌డేట్, ఆ మార్చి నెలలోనే వచ్చేసింది! వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. పైగా ఒకరి యంత్రంలో దూరిన పురుగు అక్కడితో ఆగకుండా పక్క యంత్రాలకి పాకుతుంది. అంచేత "నా యంత్రం నా ఇష్టం" అనే మాట, ఇంట్లో మశూచి పెట్టుకుని "నా పిల్లాడు, టీకా వేయించను" అన్నట్టే ఉంటుంది. ఊరి చెరువులో మందు కలపడానికి ప్రతి ఇంటికీ వెళ్లి అడగరు కదా. అడిగినా అందులో ఏ మందు ఎంత కలపాలో మనకేం తెలుసు?

చాలామంది ఇక్కడితో వాదన ముగించేస్తారు. మంచి ఉద్దేశం, తప్పనిసరి పని, ఎక్కడో కొద్దిమందికి కొద్దిపాటి ఇబ్బంది, సరిపెట్టుకోవాలి అంటారు. నాకు మాత్రం అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. అడిగి చేసినవాడికి బాధ్యతలో సగం మనం పంచుకుంటాం. "నేనే సరేనన్నాను, నా ఖర్మ" అని ఊరుకుంటాం. అడక్కుండా చేసినవాడికి పంచుకునే వాళ్లెవరూ లేరు. అంచేత వాడి బాధ్యత రెట్టింపు కావాలి. లోకంలో జరిగేదేమో దానికి తలకిందులు. మంచి కోసం చేశానన్నవాడికి ఆ మాటే రక్షరేకు. మంచి జరిగితే కీర్తి అతనిది, చెడు జరిగితే "ఏం నొక్కావు?"

ఉద్దేశం మంచిదైతే తప్పు సగం మాసిపోతుందని మనకి చిన్నప్పటినుంచి నూరిపోశారు. ఆ మాట మనవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. పిల్లవాడు అమ్మకి సాయం చేద్దామని పప్పులో రెండోసారి ఉప్పు వేస్తే ముద్దు పెట్టుకుంటాం. కాని ఆ పిల్లవాడే పారిపోయి పెరట్లో దాక్కుని, భోజనాల దగ్గర నాన్నగారు "ఇంత ఉప్పేమిటే?" అని అమ్మ మీద అరుస్తూంటే పలక్కుండా కూచుంటే? అప్పుడు అక్కడ ఉప్పు తప్పు కాదండీ. పలక్కుండా కూచోవడం తప్పు.

అడక్కుండా చేసినా మర్యాదగా చెయ్యవచ్చును సుమండీ. మన దేశంలోనే చేశారు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఇంటింటికీ తిరిగి ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే మా అమ్మమ్మ వద్దనేది. పదహారణాల రూపాయి నూరు పైసలవడం ఆమెకి చచ్చేదాకా నచ్చలేదు. అణాకి ఆరుంపావు నయాపైసలు, ఆ పావు లెక్క ఎవరికీ కుదరక కొట్టువాడితో రోజూ తగువేనని చెప్పేది. కాని ఆ కొత్త నాణెం మీద ఏం రాశారో తెలుసా? ఇది రూపాయిలో నూరోవంతు అని హిందీలో రాశారు. కొత్తగా వచ్చినవాడు తను పాతవాళ్లకి ఏమవుతాడో తన ముఖానే రాసుకుని గుమ్మంలోకి వచ్చాడన్నమాట. పేరులో కూడా "నయా" అని పెట్టారు, పాతపైసాతో పొరబడకుండా. జనానికి అలవాటయ్యాక, 1964లో గాని ఆ మాట తియ్యలేదు. పాత అణాలు కూడా కొత్తవాటితోపాటు కొన్నేళ్లు చెలామణీ అయ్యాయి. ముసలమ్మలు కొంగున ముడివేసుకున్న పాత నాణేలు తెల్లారేసరికి చెల్లకుండా పోలేదు.

దానిపక్కన ఈ అర్ధరాత్రి అప్‌డేట్‌ని పెట్టి చూడండి. ఏం మారుస్తున్నాడో చెప్పడు. చెప్పినా అంకెల్లో, అక్షరాల్లో, మనకి అర్థంకాని సంకేతాల్లో చెబుతాడు. నిన్నటివాణ్ణి ఎక్కడ పెట్టాడో చెప్పడు. విండోస్‌లో పెద్ద మార్పు వేసుకున్నాక పాతదానికి తిరిగి వెళ్లడానికి మామూలుగా పది రోజులే గడువు. ఆ గడువు ఉందన్న సంగతే చాలామందికి పదకొండో రోజున తెలుస్తుంది. ఆ మాటకొస్తే పది రోజులైనా ఇచ్చారు. పెళ్లయిన పదో రోజున వెనక్కి వచ్చేసే వీలు మనలో ఎవరికిచ్చారు గనక? నవ్వకండి, నేను సగం మాత్రమే వేళాకోళంగా అంటున్నాను.

ఏం కావాలయ్యా నీకు అంటారేమో. నేను కోరేది మరీ పెద్దదేం కాదు. చెయ్యబోయే ముందు మామూలు తెలుగులో ఒక్క వాక్యం: "ఈ రాత్రి ధ్వనికి సంబంధించిన భాగం మారుస్తున్నాం, తేడా వస్తే ఇక్కడ నొక్కండి, పాతది వస్తుంది." తేడా వచ్చాక రెండో వాక్యం: "ఇది మావల్ల జరిగింది." యంత్రాల్ని ఇంత తెలివిగా చేసినవాళ్లకి ఆ రెండో వాక్యం రాయించడం చేతకాదా? చేతనవును. యంత్రంలో ఏ రాత్రి ఏం మారిందో జాబితా ఉండనే ఉంది. పాలిటెక్నిక్ పిల్ల తీసి చూసిందిగా. ఉన్న జాబితాని ఇంటావిడకి కనిపించేచోట పెట్టాలనిపించకపోవడమే లోపం.

పోనీ కంపెనీలు ఎక్కడో సముద్రాలవతల ఉన్నాయి, మన మాట వినిపించుకోవు. మనిళ్లల్లో మనం చేసే అప్‌డేట్ల మాటేమిటి?

2014లో మా అమ్మ మా తమ్ముడి భార్య పురిటికి హైదరాబాదు వెళ్లి రెండు నెలలుంది. ఆ రెండు నెలల్లో తెనాలిలో మా నాన్న, పెద్దన్నయ్య కలిసి వంటిల్లు బాగుచేయించారు. నల్ల గ్రానైటు గట్టు, గోడకి చెక్క బీరువాలు, పొగ లాగే చిమ్నీ. ఆవిడ సుఖపడాలనే. నలభై ఏళ్లు ఆ మసిలో చాకిరీ చేసింది, ఒక్కసారి తలుపు తీసేసరికి ఆశ్చర్యపోవాలి అని ముచ్చటపడ్డారు. ఖర్చుకి వెనకాడలేదు. వాళ్ల ప్రేమని నేను ఒక్క అణా కూడా తక్కువచెయ్యను. రుబ్బురోలు పెరట్లోకి పోయింది. కుంపటి ఎవరికో ఇచ్చేశారు. పోపుల డబ్బా, ఆవకాయ జాడీలు, దీపం నూనె, అన్నీ కొత్త అరల్లో ఎవరికి తోచిన చోట వాళ్లు సర్దారు.

అమ్మ వచ్చి గుమ్మంలో నించుంది. "ఎలా ఉందే?" అన్నారు నాన్న. "బాగుంది" అంది.

వారం తర్వాత నేను వెళ్లేసరికి ఇంట్లో కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. కాఫీ ఆలస్యమైతే, "అన్నీ చేతికందేటట్టు పెట్టించాం, ఇంకా ఏమిటి వెతుకుతున్నావు?" అంటున్నారు నాన్న. ఆయన విసుక్కోవడం లేదు. నిజంగానే ఆయనకి అర్థం కావడం లేదు. మంచి వంటిల్లు, కొత్త వంటిల్లు, అందులో ఆవిడ ఎందుకు తడబడుతోంది? తడబాటు ఆవిడదే కనక లోపమూ ఆవిడదే. అమ్మకి మతిమరుపు వస్తోందేమోనని అన్నయ్య డాక్టరు మాట కూడా ఎత్తాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ అరలు సర్దింది తామేనన్న సంగతి తట్టలేదు.

అమ్మకి మతిమరుపు లేదు. బంధువులందరి పుట్టినరోజులూ తిథులతో సహా చెబుతుంది. నేను ఒక పూట కూచుని, ఏది ఎక్కడుంటే బాగుంటుందో ఆవిడ చెబుతూంటే డబ్బాలన్నీ మళ్లీ సర్దాను. ఉప్పు మాత్రం ఎడమవైపు పెట్టడానికి వీలు లేకపోయింది, అక్కడ చిమ్నీ గొట్టం అడ్డం. దాన్ని కుడివైపు అరలోనే ఉంచాం.

పదేళ్లు దాటిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చారు పెడుతూంటే చూశాను. మూత తీసి, ఒకసారి రుచి చూసి, ఉప్పు కోసం ఎడమచెయ్యి గోడవైపు చాపింది. అక్కడ గొట్టం తగిలింది. ఏమీ అనకుండా కుడివైపుకి తిరిగింది.